రెండు వందల పదమూడో కాగితం

"ఎండిన మొక్కలను అట్ట మీద అతికించడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని పెళ్ళిచూపుల్లో మా మామగారు అడిగారు. సర్కారు ఉద్యోగమేనని మా నాన్న గట్టిగా చెప్పాక ఆయన ముహూర్తాల సంగతి అడిగారు. ముప్పై మూడేళ్ళు ఆ పనే చేసి, ఈ మధ్యే రిటైరయ్యాను. కొత్తగా చేరిన పిల్లలు సంస్థ సంచిక కోసం "మీ అనుభవం ఏదైనా రాయండి సార్" అన్నారు. సన్మానం రోజు చెప్పే కబుర్లు మీకు చాలామంది రాస్తారు. నేను మాత్రం నా చేతులారా చేసిన ఒక ఘోరం గురించి రాస్తాను. పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్ళు ఇప్పటికీ శాలిబండ బజారులో నాకు ఎదురుపడుతుంటారు.

మా ఆఫీసు సంగతి మీకు తెలిసిందే. శాలిబండ నుంచి హుస్సేనీ ఆలం వెళ్ళే దారిలో నవాబుల కాలపు పాత దేవిడీ బంగళా, లోపల ఇనుప బీరువాలు, బీరువాల నిండా ఎండిన మొక్కలు. బోర్డు మీద హెర్బేరియం అని ఉంటుంది గానీ, షేర్ ఆటోవాళ్ళు "ఘాస్ ఆఫీస్", అంటే గడ్డి ఆఫీసు అంటేనే ఆపుతారు. అడవికి వెళ్ళినవాళ్ళు మొక్కను పాత న్యూస్‌పేపరు మడతలో పెట్టి, నొక్కి, ఎండబెట్టి తెస్తారు. దాన్ని మందపాటి అట్ట మీద అతికించి, కుడివైపు కింద మూలన చీటీ అంటించడం నా పని. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు తెచ్చారు, అంతా ఆ చీటీలోనే ఉంటుంది. నేను చేరిన కొత్తలో మా పెద్ద సారు చీటీ లేని ఒక మొక్కను నా చేతికిచ్చి, "ఇది బర్రెకు పెట్టు పో" అన్నారు. ఆ మాట నేను తర్వాత ఎంతమంది జూనియర్లకు అప్పజెప్పానో లెక్కలేదు.

నా ఉద్యోగం ఆఖరి ఏడాదిలో మా సెక్షన్లో ఉన్నది ముగ్గురం. నేను, స్టోరు చూసే గుమాస్తా, మేడం. మేడం కరీంనగర్ వైపు అమ్మాయి. వయసులో నా కూతురంత, హోదాలో నా పైఅధికారి. నన్ను "అన్నా" అని పిలిచేది. గుమాస్తాకు నోట్లో ఎప్పుడూ పాన్ ఉండాలి. అందుకే ఆయన ఏ మాటకైనా జవాబు చెప్పడానికి ముందు కిటికీ దాకా వెళ్ళివచ్చేవాడు.

"పెండింగ్ కట్టలన్నీ ఈ ఏడు ఖాళీ చేద్దాం అన్నా. మీరు పోయినంక ఇంత శుభ్రంగ అతికించెటోళ్ళు నాకు దొరకరు" అని మేడం ఒకరోజు అన్నది. పొగడ్తకు నేను ఎప్పుడూ మెత్తబడేవాణ్ణే. ఆ వారమే అడుగు బీరువాలోంచి జపాన్ కట్ట తీశాను.

ఆ కట్ట నాకంటే ముందు నుంచీ అక్కడ ఉంది. జపాన్ దక్షిణపు కొస నుంచి తైవాన్ దాకా సముద్రంలో వరసగా చాలా దీవులున్నాయి. ర్యూక్యూ దీవులంటారు. మంచు పడదు, తుఫాన్లు మాత్రం తప్పవు. అక్కడి మొక్కలు కొన్ని లోకంలో ఇంకెక్కడా లేవు. ఒక దీవిలో ఉన్నది పక్క దీవిలో కూడా ఉండకపోవచ్చు. ఆ దీవులన్నీ కాలినడకన తిరిగిన ఒక పెద్దాయన, ఎప్పుడో మా సంస్థ పంపిన మొక్కలకు బదులుగా నలభై ఒక్క మొక్కలు పంపాడు. అట్టకు ఎక్కించే తీరిక ఎవరికీ దొరక్క అవి అలాగే ఉండిపోయాయి.

కట్ట విప్పితే కాగితాల నిండా పురుగు. మొక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్కోదాన్ని తీసి కొత్త కాగితంలోకి మార్చాను. పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస పేర్చుకున్నాను. పాత కాగితాలన్నీ జపాన్ పేపర్లు. పైమూలన పెన్సిలుతో ఒక నంబరు, దాని పక్కన వాళ్ళ లిపిలో చిన్న రాత ఉన్నాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కాలేజీ రోజుల్లో నేను శాలిబండ గల్లీల్లో పొద్దున్నే పేపర్లు వేసేవాణ్ణి. ఏ పేపరు ఏ ఇంటికో తెలియడానికి మా ఏజెంటు పైమూలన పెన్సిలుతో ఇంటి నంబరు, పక్కన గల్లీ పేరు గీకేవాడు. జపాన్ పేపర్ల మీద అవే గీతలు చూసేసరికి నాకెంత సంతోషమైందో చెప్పలేను. గుమాస్తాను పిలిచి మరీ చూపించాను.

"చూసినవా, వాళ్ళు గూడ మనలెక్కనే. ఇంటి నంబరు ఏసి పేపర్ పంచుతరు."

గుమాస్తా కిటికీ దాకా వెళ్ళివచ్చి, "దునియా అంత ఒక్కటే ఉస్తాద్" అన్నాడు.

మన వాళ్ళు మొక్క కాడకు దారంతో చిన్న బిళ్ళ కట్టి దాని మీద నంబరు రాస్తారు. ముప్పై మూడేళ్ళు నేను చూసింది అదే. ఈ మొక్కలకు బిళ్ళలు లేవు. ఉత్తరంతో పాటు జాబితా వచ్చి ఉంటుంది, మేడం దగ్గర ఉంటుందిలే అనుకున్నాను. అడగలేదు. పురుగు పట్టిన కాగితాలను ఆఫీసులోని మిగతా రద్దీతో, చిత్తుకాగితాలతో కలిపి శాలిబండలో అమ్మేశాం. రద్దీ అమ్మిన రోజు అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు మా ఆనవాయితీ. మేడం కూడా రెండు బిస్కెట్లు తిన్నది.

మూడు వారాల తర్వాత ఒక సోమవారం పొద్దున మేడం ఫోను పట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నా, ఆ జపాన్ కట్టల తమలపాకు లెక్క ఒక మొక్క ఉన్నదా?"

ఉంది. నాకు బాగా గుర్తు. అచ్చం తమలపాకు లాంటి రెండు ఆకులు. పువ్వు పైన ఉండదు, ఆకుల కింద మట్టికి ఆనుకుని చిన్న కుండలా గోధుమరంగులో ఉంటుంది. వంగి ఆకులెత్తి చూస్తే తప్ప కనబడదు. దాని గింజలను చీమలు మోసుకుపోతాయట. చీమ ఎంత దూరం పోతుంది? అందుకే ఆ మొక్క పుట్టిన వాగు గట్టు దాటి పోదు.

ఆ దీవుల్లో మొక్కల మీద పనిచేసేవాళ్ళు మేడంకు మెయిల్ రాశారు. ఈ రకం మొక్క ఇప్పుడు ఎక్కడా కనబడటం లేదు. పెద్దాయన పోయారు, ఆయన నోటు పుస్తకాలు తుఫానులో నీళ్ళపాలయ్యాయి. దాన్ని ఏ దీవిలో, ఏ వాగు దగ్గర తీశారో తెలిస్తే వెళ్ళి వెతుకుతారు. తొందరగా కావాలి. చాలా దీవుల్లో కొండలు తొలిచి రోడ్లు వెడల్పు చేస్తున్నారు. ఎక్కడున్నదో తెలిస్తేనే కదా ముందుగా తవ్వి తీసి కాపాడేది.

మేడం చివరి వాక్యం పైకి చదివింది. "మొక్క నంబరు, దొరికిన చోటు ఆయన కాగితం పైమూలన పెన్సిలుతో రాసేవారు. దయచేసి ఆ కాగితాలు చూసి చెప్పండి అంటున్నరు."

నా చేతిలో జిగురు బ్రష్ అలాగే ఉండిపోయింది. ఇంటి నంబర్లని నేను మురిసిపోయి నవ్వుకున్నవి దీవుల పేర్లు. నలభై ఒక్క మొక్కల చిరునామాలు నేను ఒక్కపూటలో తూకానికి అమ్మేశాను. ఆ చాయ్ తాగాను.

"కాగితాలు ఏడున్నయి అన్నా?"

"స్టోర్ల పెట్టిన మేడం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. "తాళంచెవి గుమాస్తా తోని పోయింది. బిడ్డ కాన్పని నిజామాబాద్ పోయిండు గద. రాంగనే తీస్త."

"ఫోన్ చేద్దామా?"

"కాన్పు లొల్లిల ఉన్నడు మేడం. వస్తడు తియ్యి."

ఆమె నమ్మింది. నా మాట నమ్మకపోవడానికి అన్నేళ్ళలో ఎవరికీ కారణం ఇవ్వలేదు మరి.

తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు నేనేం చేశానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. రిటైర్మెంటుకు ఐదు నెలలు. ఒక్క మెమో లేని సర్వీసు. చీటీ లేని మొక్క బర్రెకు పెట్టమని పిల్లల్ని తిట్టినవాణ్ణి. ఒకరోజు ధైర్యం చేసి రద్దీ దుకాణానికి వెళ్ళాను. షట్టరు మూసి ఉంది. హమ్మయ్య అనుకుని తిరిగొచ్చాను. ఆ రోజు శుక్రవారం. ఆ దుకాణం శుక్రవారం తెరవరని నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు.

తొమ్మిదో రోజు సాయంత్రం గుమాస్తా ఫోన్ చేశాడు. మనవడు పుట్టాడట, ఎల్లుండి డ్యూటీకి వస్తున్నాడట. ముబారక్ చెప్పి ఫోన్ పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే మేడం టేబులు ముందు నిలబడ్డాను.

"మేడం, స్టోర్ల కాగితాలు లేవు. ఇంకో తాళంచెవి దొరికితే ఇయ్యాల్నే తీసి చూసిన. రద్దీల కలిసి పోయినయి."

మేడం చేతిలోని పెన్ను టేబులు మీద పెట్టి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు. లేచి చున్నీ సర్దుకుని, "ఏ దుకాణం? నడువుండ్రి" అన్నది.

రద్దీ దుకాణంలో ముసలాయన మా ప్రశ్న పూర్తికాకముందే తలూపాడు. "జపాన్ కాగజా? యాదికున్నది భాయ్. వో తో వరఖ్ వాలే లేగయే, తీస్కపోయిండ్రు. గసొంటి కాగితం మళ్ళ దొరుకుతదా అని నిన్న గూడ అడిగిండ్రు."

వరఖు అంటే మిఠాయిల మీద, పాన్ మీద అతికించే పల్చని వెండి రేకు. హుస్సేనీ ఆలంలో ఒక సన్నటి గల్లీ చివర, తోలు పుస్తకం మధ్య వెండి బిళ్ళలు పెట్టి సుత్తితో గంటల కొద్దీ కొట్టే ఇల్లు ఒకటి ఇంకా మిగిలి ఉంది. ఊపిరి తగిలితే లేచిపోయేంత పల్చనయ్యాక రేకును తీసి, అరచేయంత కాగితం ముక్క మీద పరిచి, పైన ఇంకో ముక్క పెడతారు.

మేం వెళ్ళేసరికి ఆ ఇంటి ఉస్తాద్ సుత్తి కొడుతున్నాడు. గోడ పక్కన ఆయన భార్య, గల్లీలో అందరూ పిన్నమ్మలా ఖాలా అని పిలిచే ఆమె, కూర్చుని రేకులు పరుస్తోంది. ఆమె ముందు కాగితం ముక్కల దొంతర. పై ముక్క మీద సగం దాకా వెండి తళతళ. మిగతా సగంలో జపాన్ అక్షరాలు.

"ఖాలా! జర ఆపుండ్రి!" అని మేడం కేక పెట్టింది. ఖాలా చెయ్యి అదిరి ఒక రేకు చిరిగింది. సుత్తి ఆగింది. నేను ఆ దొంతరనే చూస్తూ నిలబడ్డాను. అట్ట మీద అక్షరం వంకరపోతే చీటీ మళ్ళీ రాసేవాణ్ణి. నా వల్ల నలభై ఒక్క కాగితాలు మిఠాయి దుకాణాలకు పోయాయి.

మేడం సంగతంతా చెప్పింది. ఖాలా మాట పూర్తిగా వినకముందే నుదురు కొట్టుకుంది. "యా అల్లా! పెన్సిల్ రాత ముక్కలు, దాగులు, గా మరకలున్న ముక్కలు నేను పక్కకేసిన బిడ్డా. రాత మీద పెడితే వెండి నల్లగైతది. దాగు మీద పెడితే దుకాణపోళ్ళు మైల అంటరు."

"పక్కకేసినయి ఏడున్నయి ఖాలా?"

"నీళ్ళపొయ్యి కాడ డబ్బాల. రోజు నాలుగు ముక్కలు పెట్టి పొయ్యి ముట్టిస్త."

ఖాలా ఆ డబ్బా తెచ్చి బోర్లించింది. సగం కంటే తక్కువే ఉంది. మేడం నేల మీద కూర్చుని ముక్కలు ఒక్కొక్కటే తిప్పుతుంటే, ఆ దాగులు ఏమిటో నాకు అప్పుడు తట్టింది. అన్నేళ్ళు కాగితంలో నలిగిన మొక్క దాని ఆకారాన్ని కాగితం మీద గోధుమరంగులో వదిలిపోతుంది. ఆకు, కాడ, ఈనెలతో సహా. ఏ దాగు ఏ మొక్కదో నేను చెప్పగలను. ప్రతిదాన్నీ నా చేత్తో ఎత్తి మార్చాను కదా. కత్తెర అంచులూ అచ్చు వరసలూ కలుపుకుంటూ పోతే, దాగు ముక్కకు ఆ పేపరు మూలముక్క దొరకొచ్చు.

రెండు రోజులు ఆ ఇంట్లోనే కూర్చున్నాం. వరఖు పనిలో ఫ్యాను వేయరు, రేకులు ఎగిరిపోతాయి. చెమటతో ముక్కలు తడవకుండా ఖాలా మాకు తువ్వాళ్ళు ఇచ్చింది. ఉస్తాద్ రెండు రోజులూ సుత్తి ముట్టుకోలేదు. "మీ పని గానియ్యుండ్రి. నా వెండి ఎటు పోతది" అన్నాడు. గుమాస్తా రెండో రోజు డ్యూటీలో చేరి, మాకు ఆఫీసు నుంచి ఆ మొక్కల కట్టలు మోసుకొచ్చాడు. "గా పెన్సిల్ నంబర్లు నాకు గూడ చూపించినవు గద. నాక్కూడ అక్కల్ రాలే, తెలివి తట్టలే" అని తప్పులో సగం తన మీద వేసుకున్నాడు.

నలభై ఒక్కటిలో పదకొండు కలిశాయి. రెండో రోజు మధ్యాహ్నం రెండు తమలపాకుల దాగు దొరికింది. దాని మూలముక్క కూడా దొరికింది. కానీ కత్తెర రాత మధ్యలోంచి పోయింది. 213 అనే నంబరు ఉంది. దీవి పేరున్న సగం పొయ్యిలోకి పోయింది.

ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు మేడం కలిసిన పదకొండింటినీ నంబర్ల వరసలో పేర్చింది. 212 ఉంది, 214 ఉంది. ఫోను కెమెరా పెట్టి పెన్సిలు రాత చదివించింది. రెండింటి మీదా ఒకే దీవి, ఒకే వాగు, ఒకే తేదీ.

"212, 214 ఒక్కకాడ ఉంటే 213 ఎక్కడుంటది అన్నా?"

"మా శాలిబండల అయితే చార్మినార్ కాడ ఉంటది మేడం" అన్నాను. పేపర్లు వేసిన రోజుల్లో ఒక ఇంటి పక్క నంబరు వెతుక్కుంటూ నాలుగు గల్లీలు తిరిగిన వాణ్ణి.

ఆ రెండు రోజుల్లో మేడం అప్పుడే మొదటిసారి నవ్వింది. "ఆయన మున్సిపాలిటీ కాదన్నా. నడుచుకుంట పోతూ వరసగ నంబర్ ఏసిండు." అక్కడే, వెండి పొడి మెరుస్తున్న ఆ నేల మీద కూర్చునే మెయిల్ పంపింది. ఖాలా దుఆ చేసింది. నాకు ఏడుపొచ్చింది. గండం గట్టెక్కిందని సంతోషంతో వచ్చిన ఏడుపు అది. దాచనక్కర్లేదు.

రెండు వారాలకు జవాబొచ్చింది. మేడం చదువుతుంటే నేనూ గుమాస్తా నిలబడి విన్నాం. మెయిల్ అందగానే వాళ్ళు పడవెక్కారు. మూడో రోజుకు ఆ వాగు దగ్గర ఉన్నారు. మేం చెప్పిన చోటు సరైనదే. కానీ వాళ్ళు వెళ్ళడానికి ఐదు రోజుల ముందే రోడ్డు యంత్రం వచ్చి ఆ గట్టును పూర్తిగా తొలిచేసింది. యంత్రం తిరగేసిన మట్టిలో నలిగిన ఆకులు మూడు దొరికాయి. తమలపాకు లాంటివి. బతికిన మొక్క ఒక్కటీ లేదు. మట్టిని ట్రేలలో నింపి తీసుకెళ్ళారు, గింజ ఏదైనా మొలుస్తుందేమోనని. మీ శ్రమకు మా కృతజ్ఞతలు అని రాసి, ఫొటో ఒకటి పెట్టారు. ఎర్రటి మట్టి కోత, పక్కన పసుపుపచ్చ యంత్రం.

మేడం కళ్ళు తుడుచుకుంది. "మనం చేసేది మనం చేసినం అన్నా. తెలిసిన రెండు రోజుల్లనే పట్టుకున్నం. అంతకంటే జల్దీ ఎవ్వలు చేస్తరు?"

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. వేళ్ళ మీద లెక్కపెట్టాను. తప్పేమో అని మళ్ళీ లెక్కపెట్టాను. ఆ సోమవారమే నిజం చెప్పి ఉంటే రెండో రోజుకు మెయిల్ పోయేది, ఐదో రోజుకు వాళ్ళు ఆ వాగు దగ్గర ఉండేవాళ్ళు. యంత్రం వచ్చింది తొమ్మిదో రోజు. నేను గుమాస్తాకు ఫోనులో ముబారక్ చెప్పిన రోజు. ఆ తొమ్మిది పొద్దుల్లోనూ ఖాలా రోజుకు నాలుగు ముక్కలు పొయ్యిలో పెట్టింది. బెంచీ మీద కూర్చున్నాను. బీపీ ఏమోనని గుమాస్తా నీళ్ళు తెచ్చిచ్చాడు.

మిగిలిన ఐదు నెలలూ ఆ నలభై ఒక్క మొక్కలు అతికించాను. ముప్పై అట్టల మీద దొరికిన చోటు అన్న గడిలో "దీవి తెలియదు" అని నా చేతిరాతే ఉంటుంది. వెళ్ళి చూడండి. 213 అట్టకు ఒక చిన్న కవరు అంటించి ఉంటుంది. అందులో కత్తిరించిన మూలముక్క ఉంది. వెలుతురుకు పట్టుకుంటే ఒక అంచున వెండి నలుసు మెరుస్తుంది. ట్రేలలో మట్టి ఇంకా మొలవలేదని మేడం మొన్న కూడా చెప్పింది.

నా సన్మానం రోజు శాలువా కప్పాక మేడం మైకు తీసుకుంది. కొత్త పిల్లలారా, మీలో కొందరు అక్కడే ఉన్నారు. "అన్న దగ్గర మీరు నేర్చుకోవాల్సింది అతికించుడు ఒక్కటే కాదు. తప్పు జరిగిందని తెలిసిన రోజే వచ్చి నా ముందల నిలబడ్డడు. గసొంటి నిజాయితీ నేను ఎవ్వరి దగ్గర చూడలే" అన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది గుమాస్తా. నేను చేతులు జోడించి కూర్చున్నాను.

మేడం, ఈ సంచిక మీరు తప్పకుండా చదువుతారని తెలిసే రాస్తున్నాను. కాగితాలు అమ్ముడుపోయాయని నాకు తెలిసింది పదో రోజు కాదు, మీరు మెయిల్ చదివిన ఆ నిమిషమే. గుమాస్తా నిజామాబాద్‌కు ఏ తాళంచెవీ తీసుకెళ్ళలేదు. ఆ తొమ్మిది రోజులూ అది నా చొక్కా జేబులోనే ఉంది.